ఈ ఊరి కవుల్ని అతిథులు అనకండి

పోయిన ఏప్రిల్‌లో మా ఊరి కవితోత్సవంలో నేను కూడా ఒక కవిత చదివాను. ఊరంటే కాలిఫోర్నియాలోని శాన్ హోజే. పెద్ద ఉత్సవమేమీ కాదు. లైబ్రరీ హాలు, ఓ ఎనభై కుర్చీలు, వెనక బల్ల మీద కాఫీ. తలుపు దగ్గర చేతికిచ్చిన కాగితంలో రెండు భాగాలున్నాయి. పొద్దున పదకొండు నుంచి ఒంటిగంట దాకా ‘స్థానిక కవులు’. భోజనాలయ్యాక నలభై నిమిషాలు ‘అతిథి స్వరాలు’. స్థానిక కవుల్లో నాలుగో పేరు నాది. అతిథుల కింద ఉన్నవి నలుగురు చికానో కవుల పేర్లు. చికానోలంటే అమెరికాలో ఉండే మెక్సికన్ మూలాల వాళ్ళు.

నేను ఈ ఊరికి వచ్చి పదహారేళ్ళయింది. ఉద్యోగం వీసా మీద రెండు సూట్‌కేసులతో దిగాను. అతిథుల్లో మొదట చదివిన పెద్దావిడకి డెబ్భై దాటి ఉంటాయి. ఆవిడ మైకు సరిచేసుకుంటూ, తను పుట్టిన ఆసుపత్రి అక్కడికి పది నిమిషాల దూరమని, వాళ్ళమ్మ పనిచేసిన పళ్ళ డబ్బాల ఫ్యాక్టరీ అంతకంటే దగ్గరని చెప్పారు. కోపంగా చెప్పలేదు. చెప్పి చదవడం మొదలుపెట్టారు. నేను ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టేసుకున్నాను. నా పేరున్న వైపు ఎవరికీ కనబడకూడదనిపించింది.

నిర్వాహకుల మనసులో చెడు ఉద్దేశం లేదని నాకు తెలుసు. నెలనెలా వర్క్‌షాపుకి వచ్చేవాళ్ళని స్థానికులు అనుకున్నారు, పిలిస్తే వచ్చినవాళ్ళని అతిథులు అనుకున్నారు, అంతే. కానీ చెడు ఉద్దేశం లేకుండా జరిగినంత మాత్రాన తప్పు తప్పు కాకుండా పోదు. శాన్ హోజే ఉన్న ఈ లోయలో, అంటే సిలికాన్ వ్యాలీలో, చికానో కవిని అతిథి అనడం తప్పు. ఆ కవి చదివే స్పానిష్ మాటలకి అక్కడికక్కడే అర్థం చెప్పమనడం కూడా అదే తప్పు. రెండూ ఒకచోట నుంచే వస్తాయి: ఈ మనిషి ఎక్కడినుంచో వచ్చాడు, ఈ భాష ఎక్కడినుంచో వచ్చింది అనే ఊహ.

ఎక్కడినుంచీ రాలేదు. మన తెలుగువాళ్ళు ఈ లోయలో వేలకి వేలమంది ఉన్నాం. స్పానిష్ పలకకుండా మనలో ఒక్కరు కూడా ఇంటి అడ్రస్ చెప్పలేరు. శాన్ హోజే, సాంటా క్లారా, లాస్ గాటోస్, మిల్పిటాస్. మిల్పిటాస్‌లో మనవాళ్ళ ఇళ్ళెన్నో. ఆ పేరుకి చిన్నచిన్న మొక్కజొన్న చేలు అని అర్థం. పదేళ్ళు ఆ ఊళ్ళో ఉన్న నా స్నేహితురాలికి ఈ మాట చెబితే కాసేపు నమ్మలేదు.

1777లో స్పెయిన్ వాళ్ళు శాన్ హోజేని ఊరుగా కట్టారు. తర్వాత అది మెక్సికో కిందికి వచ్చింది. 1848 ఫిబ్రవరి 2న గ్వాడలూపే హిడాల్గో ఒప్పందం మీద సంతకాలయ్యాక మెక్సికో తన భూమిలో దాదాపు సగం పోగొట్టుకుంది. కాలిఫోర్నియా అందులో ఒక భాగం. ఆ రాత్రి ఎవరి ఇంట్లో వాళ్ళు పడుకుని పొద్దున లేచేసరికి వాళ్ళ దేశం మారిపోయింది. ‘మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది’ అని చికానోలు అనేది ఇందుకే. అందరి కుటుంబాలూ అంత పాతవి కావు. చాలామంది ఆ తర్వాత రైలు పట్టాలు వేయడానికి, పళ్ళు కోయడానికి తరాల తరబడి వచ్చినవాళ్ళు. అయినా వాళ్ళు వచ్చేసరికి ఇక్కడ వాళ్ళ భాష ఉంది, ఊళ్ళ పేర్లలో ఉంది, చర్చిలో ఉంది.

చట్టంలో కూడా ఉంది. 1849లో రాసుకున్న కాలిఫోర్నియా మొదటి రాజ్యాంగం, చట్టాలన్నీ ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ప్రచురించాలని చెప్పింది. ఆ ఏడాది డిసెంబరులో మొదటి శాసనసభ కూర్చున్నది మా శాన్ హోజేలోనే. 1879లో కొత్త రాజ్యాంగం రాసి ఆ రెండు భాషల నియమాన్ని తీసేశారు. అంటే ఈ ఊళ్ళో స్పానిష్‌కి అర్థం చెప్పమని అడిగే అలవాటు పుట్టుకతో వచ్చింది కాదు. ముప్ఫై ఏళ్ళలో చేసిన పని.

చికానో అనే మాట కూడా మొదట్లో తిట్టులాంటిదే. చదువు, డబ్బు లేని మెక్సికన్ కూలీని చిన్నచూపుతో అలా అనేవారు. 1960ల్లో కుర్రాళ్ళు ఆ మాటనే తీసుకుని తమ పేరుగా పెట్టుకున్నారు. 1965 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్షతోటల్లో ఫిలిప్పీన్స్ కూలీలు సమ్మె మొదలుపెడితే వారం తిరిగేసరికి కూలీల నాయకుడు సీజర్ చావెజ్ వెనక ఉన్న మెక్సికన్ కూలీలు వాళ్ళతో కలిశారు. ఆ చావెజ్ అంతకు ముందు ఉన్నది తూర్పు శాన్ హోజేలో, ‘సాల్ సి ప్వేదెస్’ అనే పేటలో. వీలైతే బయటపడు అని ఆ పేటకి పేరు. 1967లో డెన్వర్‌లో రొడోల్ఫో గొంజాలెస్ అనే మాజీ బాక్సర్ ‘యో సోయ్ హొవాకీన్’ అనే దీర్ఘ కవిత రాశాడు. సభల్లో, ఊరేగింపుల్లో దాన్ని గొంతెత్తి చదివేవారు. 1973 నవంబరులో లాస్ ఏంజెలెస్‌లోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ‘ఫ్లోర్ ఇ కాంతో’ పేరుతో చికానో కవుల మొదటి పెద్ద పండగ జరిగింది. పువ్వు, పాట అని అర్థం. మెక్సికో మూలవాసుల నాహువాట్ల్ భాషలో ఈ రెండు మాటలూ జంటగా చేరితే కవిత్వం. కాబట్టి కవిత్వోత్సవం అనేది చికానోలకి మనం పిలిచి కూర్చోబెట్టే కొత్త చోటేమీ కాదు. వాళ్ళు యాభై ఏళ్ళుగా సొంతంగా జరుపుకుంటున్నారు.

ఇక భాష సంగతి. ఆ రోజు పెద్దావిడ చదివిన కవితలో మూడో వంతు స్పానిష్. వాక్యం ఇంగ్లీషులో మొదలై స్పానిష్‌లో దిగి మళ్ళీ ఇంగ్లీషులోకి వస్తుంది. చదవడం అయ్యాక ముందు వరుసలో ఒకాయన చెయ్యెత్తారు. చాలా మర్యాదగా, ఆ స్పానిష్ మాటలకి అర్థం చెబితే మా అందరికీ బాగుంటుంది కదా అన్నారు. ఆవిడ ఒక్క క్షణం ఆయన వైపు చూశారు. తర్వాత అర్థం చెప్పకుండా కవితని మొదటినుంచి మళ్ళీ చదివారు. ఈసారి ఇంకా మెల్లగా.

హాలులో కొంతమందికి అది పొగరులా అనిపించింది. కాఫీ దగ్గర ఆ మాట నా చెవిన పడింది. నాకలా అనిపించలేదు. పొద్దున మా స్థానిక కవుల్లో ఒకరు ఫ్రెంచి మాటలు వాడారు, ఇంకొకరు లాటిన్ పాదంతో ముగించారు. ఎవరూ చెయ్యెత్తలేదు. అర్థం కాకపోతే అది మన చదువు తక్కువ అనుకుని ఊరుకున్నాం. స్పానిష్ అర్థం కాకపోతే మాత్రం అది కవి చేసిన లోటు అనుకున్నాం. అంట్లు కడిగేవాళ్ళు, గడ్డి కోసేవాళ్ళు మాట్లాడే భాష కాబట్టి అలా అనుకున్నాం. ఇంకో కారణం నాకు కనబడదు.

ఈ కలగలుపు ఊరికే వచ్చింది కాదు. అలురిస్టా అనే కవి 1971లో తెచ్చిన పుస్తకంతో ఇంగ్లీషు, స్పానిష్ ఒకే పాదంలో కలిపి రాయడం అచ్చులోకి గట్టిగా ఎక్కింది. హోసే మొంతోయా ‘ఎల్ లూయీ’లో ఇంకో అడుగు వేసి వీధి కుర్రాళ్ళ ‘కలో’ యాసలో రాశాడు. కొరియా యుద్ధంలో సైనికుడిగా పోరాడి వచ్చిన ఒక పేట కుర్రాడి చావు మీద రాసిన కవిత అది. ఆ లూయీ సినిమా హీరోలా పొడుగు కోటు వేసుకుని తిరిగేది మా శాన్ హోజే వీధుల్లోనే. కవితలో ఊరి పేరు ‘సాన్‌హో’ అని ఉంటుంది, పేట వాళ్ళు పిలిచినట్టే. అంతకంటే స్థానిక కవిత్వం ఏముంటుంది?

నన్ను మాత్రం బాగా కదిలించింది లోర్నా డీ సెర్వాంటెస్. 1954లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టి శాన్ హోజేలో పెరిగారు. బయట అవమానాలు పడకూడదని వాళ్ళ ఇంట్లో పిల్లల్ని ఇంగ్లీషే మాట్లాడనిచ్చారు. అలా స్పానిష్ దూరమైన అమ్మాయి పెద్దయ్యాక అదే భాషని తవ్వి తెచ్చుకుని కవిత్వంలో పెట్టుకుంది. 1976లో ఇదే ఊళ్ళో ‘మ్యాంగో’ అనే చిన్న ప్రచురణ సంస్థ పెట్టి తోటి కవుల్ని అచ్చువేశారు. చికానా రచయిత్రి శాండ్రా సిస్నెరోస్ మొదటి చిన్న కవితల పుస్తకం 1980లో వచ్చింది అక్కడినుంచే. మామిడిపండు పేరుతో ఈ ఊళ్ళో ఒక కవితల ప్రెస్ ఉండేదని తెలిసిన రోజు నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.

1981లో వచ్చిన సెర్వాంటెస్ కవితల పుస్తకం ‘ఎంప్లుమాడా’లో 280 ఫ్రీవే మీద ఒక కవిత ఉంది. నేను రోజూ ఆఫీసుకి వెళ్ళే రోడ్డు అదే. ఫ్యాక్టరీ పక్కన ఉండే చిన్న చిన్న ఇళ్ళు కూల్చి ఆ రోడ్డు వేశారు. ఇళ్ళు పోయినా వాటి పెరళ్ళు పోలేదు. రోడ్డు కింద వదిలేసిన ఖాళీ జాగాల్లో ఆవాలు మొలిచాయి, చెట్లు నిలిచే ఉన్నాయి. ముసలమ్మలు కాగితం సంచులు పట్టుకుని వచ్చి ఆకుకూరలు కోసుకుంటారు. కవిత చాలావరకు ఇంగ్లీషే గానీ చెట్ల పేర్లు, ఆకుల పేర్లు స్పానిష్‌లోనే ఉంటాయి. ఎస్పినాకా, వెర్దొలాగాస్, యెర్బాబ్వేనా.

మొదటిసారి చదివినప్పుడు నడిమి పేరు నాకు తెలియలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకి మా అమ్మ ఇండియా నుంచి వచ్చింది. తూర్పు శాన్ హోజేలో ఒక మెక్సికన్ కొట్టుకి తీసుకెళ్ళాను. కూరల దగ్గర నిలబడి ఒక కట్ట ఎత్తి పట్టుకుని, “ఇది మన గంగవాయిలి ఆకు కదా పాపా, ఇంత జాస్తి రేటా?” అంది. చీటీ మీద చూశాను. వెర్దొలాగాస్.

ఆకుకూర పేరుకి అనువాదం ఉంటుంది. ఇంగ్లీషులో దాన్ని పర్స్‌లేన్ అంటారు. కానీ ఫ్రీవే కింద వంగి ఆ ఆకు కోసిన ముసలమ్మ ఎప్పుడూ ఆ మాట అనలేదు. ఆమె చేతికి తెలిసిన పేరు ఒకటే. దాన్ని ఇంగ్లీషు చేస్తే కవితలో ఆకు మిగులుతుంది, ముసలమ్మ పోతుంది. ఆ రోజు ఉత్సవంలో నేను చదివిన కవిత మా అమ్మ పెరటి గురించి. మొత్తం ఇంగ్లీషులోకి మార్చుకుని చదివాను. అందులో పర్స్‌లేన్ అని ఉంది. డిక్షనరీలో వెతికి పెట్టిన మాట. మా ఇంట్లో ఏ నోటా పలకని మాట. ఎవరూ అర్థం అడగలేదు, అందరూ చప్పట్లు కొట్టారు.

నాకు ఈ విషయం ఇంత గట్టిగా తగలడానికి ఇంకో కారణం ఉంది. మాది హొసూరు దగ్గర పల్లె. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు, 1956లో భాషల వారీగా గీతలు మళ్ళీ గీసినప్పుడు హొసూరు మద్రాసు వైపు ఉండిపోయింది. మా తాత ఎక్కడికీ కదల్లేదు. అదే ఇల్లు, అదే చింతచెట్టు, అదే తెలుగు. కదిలింది గీత. మా తెలుగులో కన్నడం ఉంటుంది, తమిళం ఉంటుంది. ఉండాది అంటాం, బిన్నా రా అంటాం. 2006లో తమిళనాడు చేసిన చట్టంతో బడుల్లో ఒకటో తరగతి నుంచి విడతల వారీగా తమిళం తప్పనిసరి అయ్యాక తెలుగు మీడియం పిల్లల తల్లిదండ్రులు పడ్డ టెన్షన్ మా బంధువుల ఇళ్ళలో చూశాను.

ఇక్కడ ఒక తెలుగు సభలో ఒకావిడ నాతో పది నిమిషాలు మాట్లాడి, “తమిళవాళ్ళయినా తెలుగు బాగానే నేర్చుకున్నారండీ” అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా భాషలోనే నన్ను అతిథిని చేశారు. లైబ్రరీలో ఆ పెద్దావిడ మైకు సరిచేసుకుంటూ తను పుట్టిన ఆసుపత్రి ఎక్కడుందో ఎందుకు చెప్పారో నాకు విడిగా ఎవరూ వివరించనక్కర్లేదు.

కవిత్వం అర్థం కావాలి కదా అని మా వర్క్‌షాపులో ఒక పెద్దమనిషి వాదించారు. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. శనివారం పూట ఇల్లు వదిలి వచ్చి కూర్చున్నవాళ్ళకి మూడో వంతు తెలియకపోతే బయట నిలబెట్టినట్టు ఉంటుంది. నిజమే. కానీ పుస్తకంలో అర్థాలు వేసుకోవడం వేరు. ఇంటికెళ్ళి వెతుక్కోవడం వేరు. నిలబడి చదువుతున్న మనిషిని ఆపి, నీ నోటి మాటకి ముందు మా భాషలో లెక్క చెప్పు అనడం వేరు. టెక్సస్‌లో, కాలిఫోర్నియాలో బడిలో స్పానిష్ మాట్లాడినందుకు దెబ్బలు తిన్న తరం ఇంకా బతికే ఉంది. వాళ్ళు మైకు ముందుకొచ్చినప్పుడు కూడా ఆ బడినే గుర్తుచేస్తామా?

ఆ హాలులో స్పానిష్ అర్థమైనవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో మా అమ్మాయి ఒకతె. హైస్కూల్లో మూడేళ్ళుగా స్పానిష్ చదువుతోంది. పెద్దావిడ ఒక పాదం చదివినప్పుడు నా పక్కన అది ఒక్కతే నవ్వింది. ఏమిటని అడిగితే, ‘చెబితే పోతుందమ్మా’ అని ఇంగ్లీషులో అంది. అది తెలుగు వింటుంది, మాట్లాడదు. చిన్నప్పుడు దాని తెలుగులో తప్పులు పట్టుకుని బంధువులంతా నవ్వేవాళ్ళు, నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే కష్టంగా ఉంటుంది. సగం తెలుగు సగం ఇంగ్లీషుతో అది ఏదో ఒకటి రాసుంటే చదివేవాళ్ళమా, దిద్దేవాళ్ళమా? దిద్దేవాళ్ళమే. చికానోల ఇళ్ళలో స్పానిష్ పూర్తిగా రాని పిల్లలు కూడా ఆ వచ్చీరాని భాషతోనే కవులయ్యారు. మాతృభాష నోట్లోంచి జారిపోయిన బాధనే వాళ్ళు కవిత చేసుకున్నారు.

చికానో కవిత్వమంతా గొప్పదని నేననను. ఉద్యమం రోజుల్లో వచ్చినదాంట్లో నినాదాలే ఎక్కువ, ఆడవాళ్ళ గొంతుకి చోటు తక్కువ. ఈ నైరుతి అమెరికాయే అజ్టెక్కుల కథల్లోని ‘అస్త్‌లాన్’, మా పూర్వీకుల భూమి అని చికానోలు చేసిన వాదనలో కూడా ఒక చిక్కుంది. ఈ లోయలో స్పెయిన్ వాళ్ళకంటే ముందు వేల ఏళ్ళుగా ఉన్నది ఒలోనీ ప్రజలు. స్థానికులు ఎవరు అని పట్టుబట్టి అడిగితే మొదటి కుర్చీ వాళ్ళది. ఆ రోజు కాగితంలో వాళ్ళ పేరు ఏ భాగంలోనూ లేదు.

ఒక చిన్న లైబ్రరీ కాగితానికి ఇంత గొడవ ఎందుకు అని ఇంట్లో మా ఆయన కూడా అన్నారు. ఎందుకో చెబుతాను. 2010లో అరిజోనా రాష్ట్రం చేసిన చట్టం దెబ్బకి టూసన్ బడుల్లో మెక్సికన్ అమెరికన్ చదువుల కార్యక్రమం 2012 జనవరిలో మూతపడింది. పిల్లలు చదువుకుంటున్న పుస్తకాలు తరగతి గదుల్లోంచి తీసి పెట్టెల్లో పెట్టారు. దాని వెనక ఉన్నది జాతి వివక్షేనని ఫెడరల్ కోర్టు చెప్పేసరికి 2017 వచ్చింది. అప్పటికి ఆ పిల్లలు బడి దాటిపోయారు. అతిథి పుస్తకాలు కాబట్టి అల్మారాలోంచి తీసేయడం సులువైంది. పొలం కూలీల ఇంట పుట్టి గుడారాల్లో, ట్రైలర్లలో పెరిగిన హువాన్ ఫెలిపే హెరేరా 2015లో అమెరికా ఆస్థానకవి అయ్యారు. దేశం తన కవి అని ఒప్పుకుంది. ఆయన పుట్టిన ఫౌలర్ మా ఊరికి మూడు గంటల దూరం లోపే. మా ఉత్సవం మాత్రం వాళ్ళకి భోజనాల తర్వాత నలభై నిమిషాలు ఇచ్చింది.

నిర్వాహకులకి నేను ఉత్తరం రాశాను. రెండు వారాల తర్వాత జవాబొచ్చింది. వచ్చే ఏడాది నుంచి రెండు భాగాలు తీసేసి పేర్లన్నీ అక్షర క్రమంలో వేస్తామన్నారు. అది మంచి మాట. కానీ స్పానిష్ పాదాలకి ఇంగ్లీషు అర్థాలు అచ్చువేసి తలుపు దగ్గర పంచుతామని కూడా రాశారు. ఇది నాకు నచ్చలేదు. నా ఇష్టంతో తేల్చే విషయం కాదు కాబట్టి ఆ పెద్దావిడకి ఫోన్ చేసి అడిగాను. కాసేపు ఆలోచించి, పంచాలనుకుంటే నా కవితని నేను రాసినట్టే అచ్చువేసి పంచండి, చూస్తూ వింటారు అన్నారు. అదే మాట కమిటీకి పంపాను. వచ్చే గురువారం సాయంత్రం మీటింగ్ ఉంది, వెళ్తున్నాను.

అమ్మ పెరటి కవితని మళ్ళీ తీశాను. పర్స్‌లేన్ కొట్టేసి గంగవాయిలి అని రాశాను. కింద వివరణ ఏమీ వేయలేదు.